క్షేమముగా వెళ్లి లాభముగా రండు
(పరదేశమున ఒంటరి బాటసారికి దొంగలవలని భయము)



మన యూళ్లలో ఎవరైనను దూరదేశమునకు పయనమైనప్పుడు ఇంటిపెద్ద గడపలో నిలిచి “క్షేమముగా వెళ్లి లాభముగా రండు” అని దీవించును. ఈ దీవెనలోని మాటల వరుసను గమనింపుడు. క్షేమము ముందు, లాభము వెనుక. పోయిన మనిషి తిరిగి వచ్చిననే గదా అతడు గడించిన ధనము ధనమగుట! నేటి ప్రసంగమున నేనా మొదటి మాటను గురించియే ముచ్చటింపదలచితిని. భాష రాని దేశమున, ఎరుగని బాటలో, ఒంటరిగా నడచిపోవు మనవానికి దారిదోపిడిగాండ్రవలని భయ మెట్టిది, దానిని తప్పించుకొను తెరవేది, అనునదే విషయము.

“ఈ మాటలు పోవువారికి చెప్పవలెను గాని ఊరిలో కూర్చున్న మాకేల?” అని మీరనవచ్చును. పోవువారికి చెప్పెడివారు మీరే గనుక మీకు చెప్పుచున్నాను. పడుచువాడు పుస్తకములో చదివిన హితవును మరచునేమో గాని, బయలుదేరునాడు తాతయో మేనమామయో భుజముపై చేయి వేసి చెప్పిన మాటను మరువడు.

మన పాలమూరు, నల్లగొండ సీమలు మెట్టసీమలు. వానను నమ్ముకొన్న చెలకలు. కరవు వచ్చినప్పుడెల్ల మనవారు ఊరు విడిచిరి. పాలమూరు మట్టిపనివారి చెమట దేశమందలి ఎన్నో ఆనకట్టలలోను, కాలువలలోను ఇంకియున్నది. నల్లగొండ సీమ పద్మశాలీలు షోలాపురమునకు, భివండికి, సూరతునకు మగ్గముల పనికి తరలిరి. నేడు వారి మనుమలు దుబాయికి, రియాదునకు, మస్కటునకు కూలికి పోవుచున్నారు; అమెరికాకు, ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు చదువులకు పోవుచున్నారు. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. నా యొద్ద గుణింతములు దిద్దిన పిల్లలు పలువురు ఆ దేశములందున్నారు. నేను సముద్రము దాటినవాడను గాను. దాటి వచ్చినవారి నోట విన్నదియు, చదివి తెలిసికొన్నదియు కూర్చి మీకు విన్నవించుచున్నాను.

పూర్వులు ఒంటరి ప్రయాణమును మెచ్చలేదు. కూడి పయనించు వర్తకుల గుంపునకు సంస్కృతమున సార్థమని పేరు. దాని నాయకుడు సార్థవాహుడు. భర్తచే విడువబడిన దమయంతి ఘోరారణ్యమున నట్టి సార్థమునే కలిసికొని వెంట నడచెనని భారతమున వినుచున్నాము. అంత దూరమేల? మదరాసు సుప్రీముకోర్టున ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశికి బయలుదేరి, శ్రీశైలము సేవించి, కృష్ణ దాటి, మన వనపర్తి మీదుగా హైదరాబాదు చేరెను. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరువరకును ఆయన వెంట పెద్ద పరివారముండెను. అంతటి ఉద్యోగికే తోడు లేనిదే దారి సాగని కాలమది.

ఆ కాలముననే ఠగ్గులను వంచకులు బాటల వెంట తిరుగుచుండిరి. వారి విద్యను మనము తెలిసికొనదగును. వారు పొదలమాటునుండి మీదికి దుముకువారు కారు. తాము కూడ బాటసారులమే యని చెప్పి మర్యాదగా మాటలు కలుపుదురు. దారిలో దొంగలున్నారట, అందరము కూడి పోదమందురు. ఒకచోట వండుకొని తిందురు. నమ్మకము కుదిరిన పిమ్మట, జనసంచారము లేని తావున, పెద్ద సైగ చేసినంతనే, చేతిగుడ్డతో మెడ బిగింతురు. వారిని శిక్షించుటకు 1836లో ప్రత్యేకముగా నొక చట్టమే పుట్టెను. నిజాము కొలువున నుండిన మెడోస్ టెయిలరు దొర 1839లో ఒక ఠగ్గు తన కథను తానే చెప్పుకొన్నట్లు నవల వెలువరించెను. ఆ దొరయే పిమ్మట పాలమూరు సీమకు పడమటనున్న సురపుర సంస్థానమును చక్కబెట్టుటకు వచ్చెను. ఠగ్గులను గురించి తెల్లదొరలు వ్రాసినదానిలో నిజమెంత, అతిశయోక్తి యెంత అని నేటి చరిత్రకారులు వాదించుచునే యున్నారు. ఆ వాద మెట్లున్నను వానిలో మనకొక పాఠమున్నది. దోపిడికి రెండు ముఖములు. ఒకటి బలాత్కారము, రెండవది మంచితనపు ముసుగు. మొదటిదానికి అందరును వెరతురు. రెండవదానికి వెరచువారు తక్కువ.

ఇక పరదేశియే దొంగకు ఏల కంటబడును? కారణములు స్పష్టములు. అతడు నిలిచి నిలిచి దారి వెదకుకొనును. చూపులు నేలపై గాక మేడలపై నుండును. చేతిలో బాటచూపు ఫోను వెలుగుచుండును. బ్యాంకులను నమ్మక రొక్కము వెంట నుంచుకొనును. కేక వేయుటకు ఆ దేశపు మాట నోట రాదు. పోలీసులనిన భయము, కాగితములలో ఏదైన లోపమున్నచో మరింత భయము. కొలదినాళ్లకు దేశము విడిచిపోవును గనుక సాక్ష్యము చెప్ప రాడని కూడ దొంగ ఎరుగును.

ఇందుకొక నిదర్శనము చెప్పెదను. 2009లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున మన దేశపు విద్యార్థులపై వరుసగా దాడులు జరిగెను. గాయపడినవారిలో తెలుగువాడును ఉండెను. మే 31వ తేదీన వేలమంది విద్యార్థులు వీథులకెక్కి న్యాయము కోరిరి. పిమ్మట ఆ దేశపు నేరపరిశోధన సంస్థ 2005 మొదలు 2009 వరకు జరిగిన నేరములను పరిశీలించి 2011లో నివేదిక వెలువరించెను. కొట్లాటలవలన కలిగిన హాని మనవారికి ఇతరులకంటె ఎక్కువ కాలేదట; దోపిడి మాత్రము పెద్ద రాష్ట్రములందు ఆ దేశపు సగటుకంటె ఎక్కువయ్యెనట. మనవారు పెట్రోలు బంకులలోను, రాత్రి అంగళ్లలోను, అద్దె కార్లలోను పనిచేయుటయు, అపరాత్రివేళ రైళ్లలో ఇల్లు చేరుటయు ఇందుకు కారణములు కావచ్చునని ఆ నివేదిక తలచెను. జాతిద్వేషము లేదని దీని యర్థము కాదు. ఆ లెక్కలవలన అది తేలలేదు. తేలినంతవరకు మనకు తెలియున దేమనగా, పని వేళయు నడచు దారియు మనిషిని దొంగకు చేరువ చేయును.

ఇప్పుడు ఉపాయములకు వత్తము. బాగుగా విచారించినచో దారిదోపిడిగానికి మూడు వస్తువులు కావలెను: సొత్తు, ఏకాంతము, వ్యవధి. దోచదగిన సొత్తు కంటబడవలెను. చూచువారు లేని చోటు దొరకవలెను. పని ముగించుకొని పారిపోవుటకు కొంత సమయము చిక్కవలెను. మూడు కాళ్లలో నొకటి విరిగిన పీట నిలువనట్లు, ఈ మూటిలో నొకటి లేకున్నచో దొంగపని చాలవరకు సాగదు.

మొదట సొత్తు. మన పెద్దలు సంతకు పోవునప్పుడు ధనమును నడుమున జాలెలో కట్టుకొని పైన పంచె కట్టెడివారు. చిల్లర మాత్రము రొంటిన దోపుకొనెడివారు. చుట్టకో సోడాకో కావలసినప్పుడు రొంటినుండియే తీసెడివారు గాని నలుగురిలో జాలె విప్పెడివారు కారు. ఆ పద్ధతి నేటికిని పనికివచ్చును. పరదేశమున నడచువాడు ఆనాటి ఖర్చునకు కావలసినంతయే పైజేబులో నుంచుకొనవలెను. తక్కినది లోపలి సంచిలోనో, బసలో తాళము వేసిన పెట్టెలోనో ఉండవలెను. హజ్జుయాత్రకు పోవు మన ముసల్మాను సోదరులు ఇహ్రాము బట్టపై జేబులుగల నడికట్టు కట్టుకొనుట మీరెరిగినదే. లక్షలమంది ఒరసికొని నడచు ఆ మక్కానగరమున జేబుదొంగలనుండి కాపాడుకొనుటకు అదియు నొక సాధనము.

జీతమందిన దినమున జాగ్రత్త ఇబ్బడి కావలెను. అరబ్బు ఎమిరేట్లలో 2009 మొదలు కూలీల జీతములు బ్యాంకుల ద్వారమునను, ద్రవ్యము మార్చు అంగళ్ల ద్వారమునను ఇచ్చు ఏర్పాటు జరిగినది. మంచి పనియే; కాని జీతపుదినమున ఆ యంత్రముల యెదుట వరుస గట్టి నిలుచువారి జేబులలో రొక్కమున్నదని లోకమునకంతకు తెలియును. కావున ఆనాడు ఒంటరిగా పోరాదు. ముగ్గురు నలుగురు కలిసి పోవలెను. ఇంటికి పంపవలసినది అక్కడనుండియే పంపివేసి, చేతిలో కొంచెము మాత్రము మిగుల్చుకొని మరలవలెను. యంత్రమున రహస్యసంఖ్య నొక్కునప్పుడు రెండవచేతితో కప్పుకొనవలెను. అక్కడ నిలిచి నోట్లు లెక్కించుట తగదు.

నేటి సొత్తులలో ముఖ్యమైనది చేతిఫోను. అది ఫోను మాత్రమే కాదు. అందే బ్యాంకు, అందే చిరునామాలు, అందే బాటపటము. లండను నగరమున ద్విచక్రముల మీద వేగముగా వచ్చి, కాలిబాటపై నిలిచి ఫోను చూచుకొనువాని చేతిలోనుండి తన్నుకొనిపోవు దొంగలున్నారు. గద్ద కోడిపిల్లను తన్నుకొనిపోవు రీతి యది. దారి చూచుకొనవలసివచ్చినచో ఒక అంగడిలోనికి పోయి, గోడకు వీపు నానించి చూచుకొని, ఫోను లోపల పెట్టి నడువవలెను. చెవులలో పాటల తీగెలు దోపుకొని నడచుట ఒక చెవిటితనము కొని తెచ్చుకొనుటయే. సంచిని బాటవైపున గాక గోడవైపున తగిలించుకొనవలెను. కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చు బండ్లను చూచుచు నడువవలెను. వెనుకనుండి వచ్చువాడు కానరాడు గదా. మన దేశమున బండ్లు ఎడమచేతివైపున పోవును గనుక మనము కుడియంచున నడతుము. అమెరికాలోను, అరబ్బు దేశములలోను బండ్లు కుడివైపున పోవును గనుక అచ్చట ఎడమయంచున నడువవలెను. ఈ చిన్నమాట దొంగలనుండియే గాక బండ్లనుండియు కాపాడును.

రెండవది ఏకాంతము. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని చికాగో నగరమున హైదరాబాదు విద్యార్థి యొకడు రాత్రివేళ ఆహారపు పొట్లము చేతబట్టుకొని నడచి తన బసను సమీపించుచుండగా దుండగులు కొందరు వెంటబడి, కొట్టి, ఫోను లాగుకొనిపోయిరి. దైవకృపవలన ప్రాణము దక్కెను. ఇది జరిగినది దూరపు అడవిలో గాదు. ఇంటి ముంగిటనని చెప్పదగినచోట. దీనివలన మనము నేర్వవలసినదేమి? బస్సు దిగినచోటినుండి గది వాకిలివరకు గల ఆ చివరి పావుక్రోసే ఒంటరివానికి మిక్కిలి ప్రమాదకరమైనది. అలసిన దేహము, ఇల్లు వచ్చినదన్న నెమ్మది, ఏమరుపాటు, ఈ మూడును అక్కడనే కలియును.

కావున క్రొత్త ఊరు చేరినవాడు మొదటి దినమే పగటివేళ ఆ చివరి దారిని నడచి చూచుకొనవలెను. ఏ వీథిలో దీపములున్నవి, ఏ అంగడి అపరాత్రివరకు తెరచియుండును, ఏ సందు మూసుకొనిపోవును, ఎక్కడ జనము తిరుగుచుందురు అని ఎరిగియుండవలెను. అడ్డదారి దగ్గరయైనను చీకటిదైనచో విడువవలెను. చుట్టుదారి దూరమైనను వెలుతురుదైనచో పట్టవలెను. రాత్రిపని ముగియువేళ తోటివారితో కూడి కదలవలెను. మన సార్థము ఇదియే. తోడు దొరకనినాడు, “బయలుదేరితిని, ఇంతవేళకు చేరెదను” అని మిత్రునకు వార్త పంపి, చేరినవెంటనే మరల తెలుపవలెను.

మూడవది వ్యవధి. ఎవడో వెంట వచ్చుచున్నాడని తోచినచో బాట దాటి ఆవలి ప్రక్కకు పోవలెను. అతడును దాటినచో అనుమానము నిజమనుకొని, వెలుతురున్న అంగడిలోనికో, భోజనశాలలోనికో దూరి, పోలీసులను పిలువవలెను. వెంట వచ్చువానికి బస వాకిలి చూపరాదు. తాళపుచెవి వాకిటికి రాకముందే చేతనుండవలెను. వాకిట నిలిచి సంచి వెదకుట దొంగకు వ్యవధి ఇచ్చుటయే. పోలీసులను పిలుచు సంఖ్య కంఠస్థముగా నుండవలెను. అమెరికా, కెనడాలలో 911, ఐరోపా సమాఖ్య దేశములందు 112, ఇంగ్లండులో 999, అరబ్బు ఎమిరేట్లలో 999, ఆస్ట్రేలియాలో 000. మన దేశమున 112. ఎక్కములు వల్లించినవానికి ఒక్క సంఖ్య వల్లించుట కష్టము కాదు.

ఇక ముసుగుదోపిడి సంగతి. చిన్నయసూరి నీతిచంద్రికలో ముసలిపులి కథ మీరు చదివినదే. కదలలేని పులి బంగారు కంకణము చూపి తాను దానశీలినని నమ్మించి, బాటసారిని బురదలో దించి భక్షించెను. నేటికిని ఆ కంకణము లోకమంతట తిరుగుచునే యున్నది. బాటలో ఉంగరమో నోట్లకట్టయో దొరికినదని, పంచుకొందము రమ్మని పిలుచువాడు ఆ పులియే. పంచతంత్రమున ముగ్గురు ధూర్తులు వేర్వేరుచోట్ల నిలిచి బ్రాహ్మణుని భుజముమీది మేకను కుక్క యని నమ్మించిరి. నేటి ధూర్తులును గుంపుగానే పనిచేయుదురు. ఒకడు బట్టపై ఏదో చల్లును. మరియొకడు అయ్యో యనుచు తుడువ వచ్చును. మూడవవాడు సంచి ఎత్తుకొనిపోవును. ఇంకొక్కచోట ఒకడు దారి యడుగును. అంతలో ఇద్దరు పోలీసులమని వచ్చి మీ సంచులు చూడవలెనందురు. నిజమైన పోలీసువాడైనను కావచ్చును, కాకపోవచ్చును. వినయముగా “ఠాణాకు నడువుడు, అక్కడ చూపెదను” అనవలెను. లేదా పైన చెప్పిన సంఖ్యకు ఫోను చేసి అడుగవలెను. నిజమైనవాడు దానికి కోపింపడు. రైలులో తోటివాడు ప్రేమతో ఇచ్చిన బిస్కత్తు తిని మత్తులో పడి సర్వస్వము పోగొట్టుకొన్నవారు మన దేశముననే కలరు. క్రొత్తవానిచేతి తినుబండమును “ఉపవాసమున్నాను” అని తప్పించుకొనుట మర్యాదయు, క్షేమమును.

ఈ వంచన ఊరిలోనున్న మీవరకు కూడ రాగలదు. “మీ అబ్బాయి ప్రమాదమున పడినాడు, తక్షణము డబ్బు పంపుడు” అని ఫోను రావచ్చును. అబ్బాయి గొంతును పోలిన గొంతే వినిపింపవచ్చును. యంత్రముతో గొంతు సృష్టించు విద్య నేడు వచ్చినది. హనుమంతుడంతటివాడు వచ్చినను సీతమ్మ ఆనవాలు చూచిన పిమ్మటనే నమ్మెను. అట్లే మీ ఇంటివారికే తెలిసిన ఒక మాటను ఆనవాలుగా ముందే పెట్టుకొనుడు. ఆ మాట చెప్పలేనివానికి రూపాయి పంపకుడు. మోసపోయినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి తెలుపుడు.

ఇంత జాగ్రత్త పడినను ఒకనాడు కత్తియో తుపాకియో ఎదుట నిలిచెననుకొందము. అప్పుడేమి చేయవలెను? ఇచ్చివేయవలెను. ఇందులో రెండవ ఆలోచన లేదు. బ్రతికియున్న బలుసాకు తినవచ్చునను సామెత ఇట్టివేళకే పుట్టినది. చేతులు కానవచ్చునట్లుంచి, “జేబులోనిది తీయుచున్నాను” అని చెప్పి, నెమ్మదిగా తీసి ఇవ్వవలెను. తటాలున జేబులో చేయి పెట్టినచో ఆయుధము తీయుచున్నాడని వాడు బెదరును. వాని ముఖమును గ్రుచ్చి చూడరాదు. వెంట పరుగెత్తరాదు. ఎత్తు, బట్టలు, పోయిన దిక్కు మాత్రము మనసున నుంచుకొనవలెను. ఆత్మరక్షణకని కత్తి వెంట నుంచుకొందమని కొందరందురు. అది మరింత కీడు. పలుదేశములందు ఆయుధము ధరించి తిరుగుటయే నేరము. ఆపైన మన చేతి కత్తి దొంగ చేతికి పోవుటకు ఎంతోసేపు పట్టదు.

ఈ మాట చెప్పుట సులభము. చేయుట మనపిల్లలకు ఏల కష్టమగుచున్నదో మీకు తెలియవలెను. నా పూర్వశిష్యుడొకడు గల్ఫు దేశమొకదానిలో జీతపుదినమున సంజవేళ ఒంటరిగా బసకు పోవుచుండగా ఇద్దరు అడ్డగించిరి. అతడు సంచి విడువక పెనగులాడెను. చేయి విరిగినది, సంచియు పోయినది. రెండేండ్లకు ఇంటికి వచ్చినప్పుడు “ఏలరా విడువలేదు?” అని యడిగితిని. అతడు తలవంచుకొని, “సార్, ఆ నెల మిత్తి కట్టకుంటే మా నాయన షావుకారి ముంగట నిలబడాలె. నాకు కత్తి కనపడలేదు, మా నాయన కనపడ్డడు” అనెను.

పెద్దలారా! ఈ మాటను ఆలకింపుడు. దొంగ యెదుట మనపిల్లవాడు ఒంటరిగా లేడు. వాని వెనుక మన అప్పు, మన ఆశ, “పైస జాగ్రత్తరా” అని మనము వేయిసార్లు చెప్పిన హెచ్చరిక నిలిచియున్నవి. అవియే వానిచేత సంచి పట్టి లాగించుచున్నవి. కత్తి పట్టినవానిని మనము ఇక్కడనుండి ఆపలేము. కాని మనపిల్లవాని పిడికిలిని ఇక్కడనుండియే వదలింపగలము. బయలుదేరునాడే స్పష్టముగా చెప్పుడు: “నాయనా, దొంగ అడిగినచో ఇచ్చివేయుము. పోయిన పైకమును గురించి ఈ ఇంట నిన్నెవరును ఒక్కమాట యనరు.” ఈ వాక్యము పాసుపోర్టువలె వానివెంట పోవలసినది.

దోపిడి జరిగిన పిమ్మట చేయవలసిన పనులు కొన్ని కలవు. మొదట గాయము చూపించుకొనుట. రెండవది పోలీసులకు తెలిపి, ఆ ఫిర్యాదు నకలు తీసికొనుట; అది లేనిదే తక్కిన కాగితముల పని సాగదు. మూడవది బ్యాంకుకార్డును, ఫోను సిమ్మును నిలిపివేయించుట. ప్రతి ఫోనునకు పదునైదంకెల గుర్తుసంఖ్య యుండును; ఫోనుపై *#06# అని నొక్కినచో అది కానవచ్చును. దానిని ముందుగానే వ్రాసికొనియున్నచో ఫోను నిలుపుదల చేయించుటకు తోడ్పడును. పాసుపోర్టు పోయినచో భారత రాయబార కార్యాలయమునకు పోవలెను. వారు క్రొత్తది ఇత్తురు. వెంటనే స్వదేశమునకు మరలవలసినవానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్టను పత్రము నిత్తురు. 1967 నాటి చట్టము ననుసరించి పాసుపోర్టు భారతప్రభుత్వపు సొత్తు. అది పట్టుకొన్నవానికి భిక్షమడుగవలసిన పని లేదు. కష్టమున పడినవారికొరకు 2009లో ఏర్పడిన ప్రవాసి సంక్షేమనిధి రాయబార కార్యాలయములందున్నది. 2015లో మదద్ అను పేర ఫిర్యాదుల ఏర్పాటును కేంద్రప్రభుత్వము చేసినది. ఊరినుండి బంధువులును దానిద్వారా మొర పెట్టుకొనవచ్చును. కాగితములు సరిగాలేనివాడు పోలీసులకు వెరచి గాయముతో గదిలో దాగుట అపాయకరము. అట్టివాడు ముందు రాయబారులనే ఆశ్రయింపవలెను.

ఇందుకు ఊరిలో మీరు చేయవలసిన పని యొకటి కలదు. పోవువాని పాసుపోర్టు నకలు, పని యిచ్చువాని చిరునామా, తోడుండు మిత్రుని సంఖ్య, ఫోను గుర్తుసంఖ్య, ఆ దేశమందలి మన రాయబార కార్యాలయపు సంఖ్య, ఇవన్నియు ఒక కాగితమున వ్రాయించి, భూమిపట్టాలుంచు పెట్టెలో నుంచుడు. వాని ఫోను పోయిననాడు వానికి ఒక్కసంఖ్యయైనను గుర్తుండదు. మీ పెట్టెయే వానికి జ్ఞాపకశక్తి యగును. ఇంటి ఫోను సంఖ్యనొక్కటి మాత్రము వానిచేత కంఠస్థము చేయింపుడు.

ఇంత చెప్పితినని పరదేశమంతయు దొంగలగుంపని తలంపకుడు. ఒడలిరంగును బట్టియు, మతమును బట్టియు మనిషిని అనుమానించుట అధర్మము, ఆపైన అవివేకము. నల్లనివానికి వెరచి తొలగిపోయినవాడు తెల్లని వంచకునిచేత చిక్కవచ్చును. మనిషి రూపును గాక వాని నడతను చూడవలెను. దారి తప్పిన మనవారిని ఇల్లు చేర్చిన పరదేశులు ఎందరో యుందురు.

మరియు అద్దమును మనవైపునకు త్రిప్పి చూచుకొందము. మిర్యాలగూడ బియ్యపుమిల్లులలో బీహారునుండి వచ్చిన హమాలీలు బస్తాలు మోయుచున్నారు. ఒడిశానుండి వచ్చినవారు మన ఇటుకబట్టీలలో పిల్లాజెల్లలతో పనిచేయుచున్నారు. వారికి తెలుగు రాదు. జీతపుదినమున చీకటిదారిని వారును ఒంటరిగా నడతురు. మనపిల్లలకు రియాదు ఎట్టిదో వారికి మన యూరట్టిది. వారిని దోచుకొన్నవాడు మన యూరివాడైనచో దాచిపెట్టక పట్టియిచ్చుట, వారు వచ్చి మొర పెట్టుకొన్నప్పుడు ఠాణాకు తోడు పోవుట, వారి గుడిసెల దారిలో పంచాయతీ దీపమొకటి వెలిగించుట మన ధర్మములు. మన బిడ్డకు పరాయియూర ఎట్టి పెద్దమనిషి ఎదురుకావలెనని కోరుదుమో, అట్టి పెద్దమనిషిగా మనము మన యూర నుండవలెను.

ఈ ఏడు మీ వాడలోనుండి దేశము దాటువారెవరైన ఉన్నచో, వారిని నేటి సాయంకాలమే ఇంటికి పిలువుడు. పెట్టెలో కాగితము వ్రాసి యుంచుడు. ఆనవాలుమాట కుదుర్చుకొనుడు. సంచి పోయినను ఇంట ఎవరును ఏమియు ననరని నోరార చెప్పుడు. ఆ పిమ్మట గడపలో నిలిచి మీరిచ్చు దీవెనలో మొదటి మాటను కొంచెము గట్టిగా పలుకుడు. సెలవు.